ఇంటిలోని సంగీతము మూగవోయినచో

అన్నోజిగూడలో మా ఇంటి మేడగదియందు అరచేతిలో ఇమిడెడి రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరొకటి కలదు. మా తండ్రిగారు జీవితకాలము క్యాసెట్లపై పట్టి దాచిన పాటకచేరీలను దానికి తగిలించిన డిస్కులో చేర్చితిమి. క్రింది గదిలోని స్పీకరు వైఫై ద్వారమున ఆ పాటలను తెచ్చి వినిపించును. ఇట్లు అడిగినవారికి పాటను అందించు యంత్రమునే సర్వరు అందురు. మా తల్లిగారికి ఉదయము కాఫీవేళ అది పాడవలెను.

ఒకనాటి రాత్రి కరెంటు పోయి వచ్చినది. తెల్లవారి చూడగా సర్వరు కానరాలేదని తెలిపి స్పీకరు ఊరకుండెను. క్యాసెట్లలో పెక్కులు అదివరకే బూజుపట్టి పాడయినవి. డిస్కు కూడ పోయినదేమో యని నాకు గుండె జారెను.

ఇట్టివేళ అందరును మొదట ఇంటర్నెట్టును నిందింతురు. నేనును ఆ పనియే చేసితిని. కాని పాట మేడనుండి క్రిందికి దిగుటకు వీధి తీగతో పనిలేదు. రౌటరు వెలుగుచున్న చాలును. వేగము మాటయు నంతే. సీడీ పాటలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, ఎడమ కుడి చానళ్లు రెండు. అన్నియు కలిపి సుమారు 1,411 కిలోబిట్లు. సామాన్యమగు వైఫై ఇంతకు ఎన్నో రెట్లు మోయగలదు.

లోపము తరచుగా చిరునామాలో నుండును. రౌటరు ఇంటిలోని ప్రతి యంత్రమునకు 192.168.1.5 వంటి అంకెల చిరునామా నొసగును. అది సొంతయిల్లు కాదు, గడువుగల అద్దెయిల్లు. కరెంటు పోయి వచ్చిన పిదప సర్వరు వేరొక గుమ్మమునకు మారవచ్చును. స్పీకరు పాత తలుపునే తట్టుచుండును. రౌటరు పుటను బ్రౌజరులో తెరచినచో యంత్రముల పట్టిక కనబడును. సర్వరునకు ఒకే చిరునామాను స్థిరపరచు ఏర్పాటు పెక్కు రౌటర్లలో గలదు.

మా ఇంట చిరునామా మారలేదు. ఫోనులో దానికి 9000 అను పోర్టుసంఖ్యను చేర్చి తెరవగా పాటల పట్టిక యంతయు ప్రత్యక్షమాయెను. (ఇది లిరియన్ అను సర్వరు సంఖ్య; ఇతరములకు వేరు.) డిస్కు క్షేమము! మరి స్పీకరునకేల కనబడదు? దాని చిరునామా చూచితిని. సర్వరుది 192.168.0 తో మొదలగుచుండగా స్పీకరుది 192.168.1 తో మొదలగుచున్నది. గుట్టు తెలిసెను. ఫైబరు తీగ వచ్చి చేరు పెట్టెయే ఒక రౌటరు. దాని వెనుక నేను నా సొంత రౌటరును తగిలించితిని. కరెంటు రాగానే ఫైబరు పెట్టె ముందు మేల్కొనగా, స్పీకరు దాని వైఫైలో చేరిపోయినది. లోపలి రౌటరు వెలుపలివారిని గడప దాటనీయదు. అతిథులకై వేరుగా నుంచిన వైఫైలో చేరినను ఇదే గతి. నా రౌటరును ఆక్సెస్ పాయింటు పద్ధతికి మార్చగా ఇల్లంతయు ఒకే పేట యాయెను.

పాట మధ్యలో తెగిపోవుచున్నచో అది వేరు వ్యాధి. 5 గిగాహెర్ట్జుల తరంగములు కాంక్రీటు కప్పును దాటుటలో 2.4 వానికంటె బలహీనములు. సర్వరునైనను తీగతో కలుపుట మేలు. ఈథర్నెట్ తీగ 100 మీటర్లవరకు పనిచేయును.

ఆ సాయంకాలమే ఉప్పల్ పోయి రెండవ డిస్కు కొంటిని. ప్రతి తీయుట ముగియుసరికి అర్ధరాత్రి దాటెను.