గడువు దాటింది.. మరి అగ్రిమెంట్ పోయినట్టేనా?

మే నెలలో ఒకరోజు పొద్దున ఆఫీసు కాల్‌లో ఉండగా ఫోన్ మోగింది. మాకు ప్లాట్ అమ్ముతున్న అంకుల్. ల్యాప్‌టాప్ మ్యూట్‌లో పెట్టి ఎత్తాను. "మూడు నెలలు అయిపోయినయ్ కద బాబూ. ఇగ ఆ కాయితం చెల్లది. బయానా గూడ రాదు" అన్నారు. నేను నోరు తెరిచేలోపే కట్ చేశారు.

షాద్‌నగర్ వైపు 200 గజాలు. 32 లక్షలకు మాట్లాడుకుని ఫిబ్రవరిలో 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాం. మిగతాది 90 రోజుల్లో కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని అగ్రిమెంట్. ఆ ఫోన్ వచ్చింది 97వ రోజున. 5 లక్షల్లో మూడు నావి, రెండు నాన్న పీఎఫ్ డబ్బులు.

నిజానికి బ్యాంకు 71వ రోజునే లోన్ శాంక్షన్ చేసింది. డబ్బు విడుదల చేయాలంటే మాత్రం పాత లింక్ డాక్యుమెంట్ చూపించమంది. అది అంకుల్ వాళ్ల ఇంట్లోనే ఉంది. అడిగినప్పుడల్లా "తమ్ముని కాడ ఉంది, తెస్త" అనేవారు. నేనూ "సరే అంకుల్" అని ఫోన్ పెట్టేసేవాణ్ని. ఈలోపు పక్క వెంచర్‌లో గజం రేటు పెరిగింది. ఆయన ఎందుకు ఫోన్ చేశారో అర్థం కావడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

మర్నాడు నాన్నతో కలిసి తెలిసిన లాయర్‌గారి దగ్గరికి వెళ్లాం. ఆయన అగ్రిమెంట్ మొత్తం చదివి అడిగిన మొదటి ప్రశ్న: "90 రోజుల్లో కట్టకపోతే రద్దవుతుందని ఎక్కడైనా రాసుకున్నారా?" లేదు. "అయితే కంగారు పడకండి. కానీ ఊరికే కూర్చోకండి" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఎంత కథ ఉందో తర్వాత తెలిసింది.

1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. ఒప్పందంలో సమయమే ప్రాణం అనుకుంటే, గడువు తప్పగానే అవతలివాళ్లు రద్దు చేసుకోవచ్చు. అలా అనుకోకపోతే రద్దు కుదరదు, ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి పరిహారం మాత్రం అడగొచ్చు. మరి భూమి విషయంలో? సమయమే ప్రాణమని ముందే ఊహించుకోకూడదు అని సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం 1992 డిసెంబర్‌లో చెప్పింది. ఇది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

లాయర్‌గారు నవ్వి, "ఆ కేసులో కొనేవాళ్లు ఓడిపోయారు, తెలుసా?" అన్నారు.

అది 1971లో రాసుకున్న అగ్రిమెంట్. మొత్తం 1,78,000 రూపాయలు. 30,000 అడ్వాన్స్, ఆ తర్వాత 98,000 'పది రోజుల్లోనే' కట్టాలని రాసుకున్నారు. కొనేవాళ్లు మాత్రం ముందు మీ వైపు పనులు పూర్తి చేయండి, తర్వాతే డబ్బు అని పట్టుబట్టారు. అగ్రిమెంట్‌లో మాటలు అంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టి ఇక్కడ సమయమే ప్రాణం అని కోర్టు తేల్చింది. అంటే రూల్ ఒకటే, కానీ మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏ పదాలున్నాయన్నదే ఫలితాన్ని మార్చేస్తుంది. మా అగ్రిమెంట్ నేను పూర్తిగా చదివింది ఆ రోజే అని చెప్పడానికి సిగ్గేస్తోంది. యాప్‌ల టర్మ్స్ కింద 'ఐ అగ్రీ' నొక్కినట్టే దాని మీదా సంతకం పెట్టేశాను.

నన్ను ఇంకా భయపెట్టింది మదురైలో ఒక ఇంటి కేసు. 1978 డిసెంబర్‌లో అగ్రిమెంట్, ధర 60,000, అడ్వాన్స్ 5,000, గడువు ఆరు నెలలు. కొనే మనిషి రెండున్నరేళ్లు చప్పుడు చేయలేదు. ఈలోపు ధరలు పెరిగిపోయాయి. సమయం ప్రాణం కాకపోయినా, రాసుకున్న గడువులకు అర్థమంటూ ఉంటుంది కదా అంటూ 1997లో సుప్రీంకోర్టు ఆయనకు ఇల్లు ఇప్పించడానికి ఒప్పుకోలేదు. 2011లో మరో తీర్పులో, ఇలా ధరలు పరుగెత్తే రోజుల్లో ఆ పాత సూత్రాన్నే మళ్లీ ఆలోచించాలని కూడా అంది.

నా లెక్క ప్రకారం గడువు దాటడం అసలు సమస్య కాదు. గడువు చుట్టూ మీరేం చేశారన్నదే సమస్య. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16(సి) సెక్షన్ ప్రకారం, కొనేవాళ్లు మొదటి నుంచీ 'సిద్ధంగా, సుముఖంగా' ఉన్నామని నిరూపించాలి. సిద్ధం అంటే డబ్బు సర్దగలగడం. సుముఖం అంటే కొనాలన్న ఉద్దేశం మీ నడవడికలో కనపడటం. నోట్లకట్టలు తెచ్చి చూపించక్కర్లేదు, కోర్టు కట్టమంటే తప్ప. 2018 అక్టోబర్ 1 నుంచి చట్టం మారి, రిజిస్ట్రేషన్ చేయించమని ఆదేశించాలా వద్దా అన్నది ఇదివరకటిలా పూర్తిగా జడ్జి విచక్షణ మీద లేదు. ఆ నిరూపణ బాధ్యత మాత్రం అలాగే ఉంది.

కేసు వేయడానికి మూడేళ్లు టైముంది, గడువు తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి లెక్క. అది విని మా బావ "ఇంకేం, మూడేళ్లు రిలాక్స్" అన్నాడు. మదురై ఆయనా అలాగే అనుకుని ఉంటాడు!

ఆ రాత్రి వాట్సాప్ మొత్తం తవ్వాను. కాల్స్ అన్నీ గాలికి పోయాయి. ఒకే ఒక్క మెసేజ్ దొరికింది: "అంకుల్, బ్యాంకు వాళ్లు లింక్ డాక్యుమెంట్ అడుగుతున్నారు, లోన్ రెడీ." 74వ రోజు. పక్కన నీలం టిక్కులు. లాయర్‌గారు దాన్నీ లోన్ శాంక్షన్ లెటర్‌నీ చూసి మొదటిసారి తల ఊపారు. ఫోన్ మార్చొద్దన్నారు, చాట్ డిలీట్ చేయొద్దన్నారు. వాట్సాప్ ప్రింటవుట్ కోర్టులో చెల్లాలంటే దాంతోపాటు సర్టిఫికెట్ కూడా ఇవ్వాలట. మీ ఫోన్‌లో ఆటో డిలీట్ ఆన్‌లో ఉంటే ఒకసారి చూసుకోండి.

101వ రోజున లీగల్ నోటీసు పంపాం. డబ్బు సిద్ధం, లింక్ డాక్యుమెంట్ ఇవ్వండి, ఫలానా తేదీన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రండి అని. వాళ్లు రాకపోయినా మీరు వెళ్లండి అన్నారు లాయర్‌గారు. వెళ్లాం. నాన్న, నేను, మా బావ. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాం. ఎవరూ రాలేదు. నాన్న ఆ రోజంతా ఏమీ తినలేదు.

నాలుగు రోజుల తర్వాత అంకుల్ వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, కోర్టుకెందుకు, కూర్చుని మాట్లాడుకుందాం." రెండు లక్షలు ఎక్కువ అడిగారు, లక్షకు ఒప్పుకున్నారు. న్యాయంగా అయితే ఆ లక్ష ఇవ్వక్కర్లేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ కేసంటే ఎన్నేళ్లు? అమ్మ అయితే "ఆ లక్ష నా గాజులనుకో" అంది.

రిజిస్ట్రేషన్‌కి ఇంకో 20 రోజులు కావాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ "సరే అంకుల్" అనలేదు. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద కొత్త తేదీ, లింక్ డాక్యుమెంట్ ఎవరు, ఏ రోజు ఇస్తారు అన్నీ రాయించాను. అంకుల్ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం రెండుసార్లు చదివి, అప్పుడు సంతకం పెట్టారు.