రంగు పడిన గడి: సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

ఆ మధ్య బుచ్చిరెడ్డిపాలెం ప్రాంతంలోని ఒక సంఘంలో లెక్కలు తనిఖీ చేస్తుండగా, ఒక సభ్యురాలు మా దగ్గరకు వచ్చి, "అయ్యా, కంప్యూటర్లో నా లెక్క ఎర్రంగా వస్తా ఉండాదంట. నీళ్లు కలుపుతా ఉండానని అందరూ అంటా ఉండారు" అని బాధపడింది. ఆ రంగు సంగతి సభ్యులందరికీ తెలియడం మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పూర్వం కార్యదర్శి రిజిస్టరులో అనుమానం వచ్చిన అంకె క్రింద ఎర్రసిరాతో గీత గీసేవాడు. ఇప్పుడు ఆ పనిని స్ప్రెడ్‌షీటులోని 'కండిషనల్ ఫార్మాటింగ్' చేస్తుంది. ఎక్సెల్‌లో ఈ సౌకర్యం 97 కూర్పుతో వచ్చింది. మనం ఒక హద్దు చెబితే, ఆ హద్దు దాటిన గడికి అదే రంగు వేస్తుంది.

చేయవలసిన విధానం:

1. వెన్న శాతం వ్రాసిన గడులన్నిటినీ ఎంచుకోవాలి.

2. 'హోమ్' పట్టీలో 'కండిషనల్ ఫార్మాటింగ్', అందులో 'హైలైట్ సెల్స్ రూల్స్', అందులో 'బిట్వీన్' నొక్కాలి.

3. రెండు అంకెలు ఇవ్వాలి. సంఘం హద్దు 5.5 అనుకుంటే 0.1 నుండి 5.4 వరకు అని ఇచ్చి, రంగు ఎంచుకోవాలి.

'లెస్ దాన్' వాడితే పాలు పోయని పూట ఖాళీ గడిని కూడా సున్నాగా లెక్కించి రంగు వేస్తుంది. అందుకే 'బిట్వీన్' మేలు.

ఆవుపాలకు, గేదెపాలకు ఒకే హద్దు పెట్టరాదు. ఆవుపాలలో వెన్న సహజంగానే తక్కువ. రెంటినీ వేరువేరు వరుసలలో వ్రాసి, వేరువేరు హద్దులు పెట్టాలి. 6.5కు బదులు 65 అని పొరపాటున కొట్టినా పట్టుబడేటట్లు, 'గ్రేటర్ దాన్' క్రింద పై హద్దు కూడా పెట్టుకోవాలి. లేకుంటే పాల డబ్బు తప్పుగా చెల్లించబడుతుంది.

ఇక ఆ సభ్యురాలి సంగతి. ఆమె లెక్కలో వెన్న మాత్రమే తగ్గింది, వెన్నేతర ఘనపదార్థాలు తగ్గలేదు. నీళ్లు కలిస్తే రెండూ తగ్గాలి. అయితే మీగడ తీసినా వెన్న ఒక్కటే తగ్గుతుంది. కనుక మరునాడు ఉదయం ఆమె దొడ్డిలో మా ఎదుటనే పాలు పితికించి పరీక్ష చేయించాము. అక్కడా అదే అంకె వచ్చింది. విచారిస్తే, చివరి పాలు దూడకు వదులుతున్నట్లు తెలిసింది. వెన్న ఎక్కువగా ఉండేది ఆ చివరి పాలలోనే. దూడను ముందుగా కుడిపించి, ఆ తరువాత పొదుగు పూర్తిగా పితకమని సలహా ఇచ్చాము.

కనుక కార్యదర్శులకు మా మనవి: రంగు పడిన గడి విచారించమని చెబుతుందే గాని తీర్పు చెప్పదు. రెండు అంకెలూ కలిపి చూడండి, ఎదుట పితికించి పరీక్షించండి, ఆ తరువాతే మాట అనండి. సభ్యులు కూడా తమ గడికి రంగు ఎందుకు పడిందో అడిగి తెలుసుకోవాలి. అది వారి హక్కు.