మైకు మోత ఎంతో చెప్పే కంప్యూటరు

పరీక్షల రోజుల్లోనే జాతరలూ వస్తాయి. గుడి ముందు వేపచెట్టుకు మైకులు కడతారు. పదో తరగతి పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని చదువుతుంటే, పక్కింట్లో జబ్బు మనిషి నిద్రలేక మూలుగుతుంటాడు. కాస్త తగ్గించమని అడిగితే "అంత మోత ఎక్కడుందయ్యా?" అంటారు. వాదన అక్కడితో ఆగిపోతుంది. మోత ఎంతో చెప్పే అంకె ఎవరి దగ్గరా ఉండదు.

ఆ అంకెను ఇంట్లోని కంప్యూటరుతో రాబట్టే పద్ధతి ఒకటి ఉన్నది. మన ఊళ్లలో మైకు అంటే మోగేది. కంప్యూటరుకుండే మైకు మాత్రం వినేది. గాలిలోని శబ్దాన్ని అది సన్నని కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటును కంప్యూటరు సాధారణంగా సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది.

ఈ అంకెల నుంచి డెసిబెల్ లెక్క తీయడానికి ల్యాబ్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్ పనికివస్తుంది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 1986లో దీనిని తెచ్చింది. వ్యాపారానికి కాక సొంతానికి వాడుకునేవారి కోసం 2020లో ఉచిత రకం కూడా విడుదలైంది. ఇందులో ప్రోగ్రాము వరుసలు వరుసలుగా రాయనక్కరలేదు. తెరమీద బొమ్మల పెట్టెలు పెట్టి, ఇంటికి వైరింగు చేసినట్లు గీతలతో కలపాలి. ఒక పెట్టె శబ్దాన్ని తీసుకుంటే, మరొకటి దాని సగటు బలం చూస్తుంది, ఇంకొకటి డెసిబెల్‌లోకి మారుస్తుంది. గంటల తరబడి గ్రాఫు గీసి ఉంచుతుంది.

అసలు చిక్కు తర్వాత ఉన్నది. రాళ్లు సరిచూడని కాటాలో తూచిన ధాన్యాన్ని ఎవరు నమ్ముతారు? ఇదీ అంతే. శబ్దాన్ని కొలిచే అసలు మీటరు ఒకటి కాసేపు తెచ్చుకుని, కంప్యూటరు మైకు పక్కనే పెట్టి, ఒకే తీరుగా మోగే శబ్దం దగ్గర రెండూ చూడాలి. మీటరు 70 అని, కంప్యూటరు మైనస్ 30 అని చూపితే, ఇక ప్రతి కొలతకూ 100 కలుపుకోవాలి. ఆ తర్వాత కంప్యూటరులో మైకు వాల్యూము ముట్టుకోరాదు. శబ్దాన్ని తనంతట తానే హెచ్చించి తగ్గించే సదుపాయం ఉంటే మొదటే ఆపివేయాలి. లేకుంటే లెక్కంతా తారుమారే.

డెసిబెల్ లెక్క కూడా చిత్రమైనది. ఒక మైకు పక్కన అంతే మోత చేసే మరో మైకు పెడితే అంకె పెరిగేది సుమారు 3 మాత్రమే. మూడే కదా అని తీసిపారేయరాదు.

కేంద్రప్రభుత్వం 2000లో చేసిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించరాదు. పరిమితిని 10 డెసిబెల్స్ గాని అంతకు మించి గాని దాటితే ఫిర్యాదు చేయవచ్చు. ఇంటి కంప్యూటరు కొలత అధికారిక కొలత కాదు. అయినా ఏ రోజు ఏ గంటకు మోత ఎంత హెచ్చిందో చూపించి, అధికారులను వచ్చి కొలవమని అడగడానికి ఆ గ్రాఫు ఉపయోగపడుతుంది.

రాత్రి 10 దాటిన తర్వాత అయితే ఈ లెక్కలేవీ అక్కరలేదు. ఆరుబయట మైకు మోగించడమే నిషిద్ధం. పండుగలకు రాష్ట్రప్రభుత్వం ముందుగా సడలింపు ఇచ్చినా అది ఏడాదికి 15 రోజులకు మించదు, అదీ అర్ధరాత్రి 12 వరకే.