యంత్రం తడబడినప్పుడు

2003 మే 18న బెల్జియం దేశంలో ఎన్నికలు జరిగాయి. బ్రస్సెల్స్ ప్రాంతంలోని స్కార్‌బేక్‌లో కంప్యూటర్ లెక్క ప్రకారం ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా వచ్చాయి. ఆ సంఖ్య సాధ్యమైన ఓట్లనే మించిపోవడంతో తప్పు బయటపడింది. ప్రోగ్రామును పరీక్షిస్తే దోషం కనిపించలేదు. 4096 అంటే పన్నెండు రెండ్లను గుణిస్తే వచ్చే సంఖ్య. మెమరీలో ఒకే ఒక బిట్ సున్నా నుండి ఒకటిగా మారితే సరిగ్గా ఇంత తేడా వస్తుంది. నిపుణులు దానినే కారణంగా భావించారు.

బిట్ దానంతట అది ఎలా మారుతుంది? అంతరిక్షం నుండి వచ్చే కణం తగిలినా, చిప్ పాడవుతున్నా మారవచ్చు. దీనిని పూర్తిగా నివారించలేరు. అందుకే ముఖ్యమైన పనులు చేసే కంప్యూటర్లలో ప్రతి 64 బిట్లకు మరో 8 బిట్లు కాపలాగా చేరుస్తారు. ఒక బిట్ మారితే వాటి సాయంతో సరిదిద్దవచ్చు. రెండు మారితే తప్పు ఉన్నదని తెలుస్తుందే గాని, ఎక్కడో తెలియదు.

అప్పుడు ప్రాసెసర్ కెర్నల్‌ను పిలుస్తుంది. ఆంగ్లంలో ఈ మాటకు గింజలోని పప్పు అని అర్థం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది నిజంగా పప్పే. మీట నొక్కినప్పుడు వచ్చే మామూలు పిలుపును కెర్నల్ కాసేపు ఆపి ఉంచగలదు. ఈ పిలుపును ఆపలేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో దీని సంఖ్య 18, పేరు ‘మెషీన్ చెక్’. తప్పు ఏ రకమైనదో, వీలైతే ఏ చిరునామాలో జరిగిందో ప్రాసెసర్ ప్రత్యేక రిజిస్టర్లలో రాసి ఉంచుతుంది. కెర్నల్ ముందుగా వాటిని చదువుతుంది.

తరువాత, చెడిన చోటు ఎవరిదో చూస్తుంది. అక్కడి సమాచారానికి డిస్కులో సరైన నకలు ఉంటే, చెడిన దానిని వదలి నకలును మళ్ళీ చదివిస్తుంది. ఒక ప్రోగ్రాము సొంత సమాచారమే చెడితే, ఆ ఒక్క ప్రోగ్రామునే ఆపి మిగిలినవాటిని నడవనిస్తుంది. లినక్స్‌లో ఈ సౌకర్యం 2009లో వచ్చిన 2.6.32తో చేరింది. కెర్నల్ సొంత మెమరీయే చెడితే మాత్రం యంత్రం మొత్తాన్ని ఆపివేస్తుంది. వాడేవారికి కోపం వస్తుంది. కాని చెడిన అంకెతో పని సాగితే ఆ తప్పు డిస్కులోకి చేరి, శాశ్వతమైన పద్దుగా నిలిచిపోతుంది. దానికన్నా ఆగిపోవడమే నయం.

ఇళ్ళలో వాడే చాలా కంప్యూటర్ల మెమరీకి ఈ కాపలా బిట్లు ఉండవు. అక్కడ బిట్ మారినా కెర్నల్‌కు ఏ పిలుపూ రాదు.