మందు డి.ఎన్.ఎ.లో ఎక్కడ ఒదిగింది? గాజు గొట్టమే సాక్షి

జంషెడ్‌పూర్‌లోని క్యాన్సర్ ఆసుపత్రికి మెహర్‌బాయి టాటా పేరు పెట్టారు. జంషెట్‌జీ టాటా పెద్ద కోడలైన ఆమె 1931లో ల్యుకేమియాతో కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఆమె భర్త దొరాబ్జీ ఆ వ్యాధి పరిశోధనకు ఒక ధర్మనిధిని నెలకొల్పారు. అప్పటికి దానిని నయం చేసే మందు లేదు. 1960లలో వెలుగుచూసిన డౌనోరూబిసిన్ మాత్రం నేటికీ ల్యుకేమియా చికిత్సలో వాడుకలో ఉంది.

మెలితిరిగిన నిచ్చెన వంటి డి.ఎన్.ఎ.లో మెట్ల మధ్య సందులోకి దూరి ఈ మందు కణ విభజనకు అడ్డుపడుతుంది. అన్ని మందులూ ఇలా దూరవు. కొన్ని నిచ్చెన పక్కనున్న గాడిలో ఒదుగుతాయి. సిస్‌ప్లాటిన్ వంటివి రసాయన బంధంతోనే అతుక్కుంటాయి. కొత్త మందును రూపొందించేవారికి ఈ తేడా తెలియకపోతే అణువులో ఏ భాగాన్ని మార్చాలో పాలుపోదు.

దీనిని కనిపెట్టడానికి ప్రయోగశాలల్లో ముందుగా కాంతినే ఆశ్రయిస్తారు. మందు ద్రావణానికి డి.ఎన్.ఎ. కలిపితే అది కాంతిని పీల్చుకునే తీరు మారుతుంది. మెట్ల మధ్య చేరినప్పుడు ప్రకాశించే ఇథిడియం బ్రోమైడ్ అనే రంగును మందు తరిమివేస్తే ఆ వెలుగు తగ్గుతుంది. అయితే ఇవి మందు అంటుకున్నదని చెప్పినంత గట్టిగా ఎక్కడ అంటుకున్నదో చెప్పలేవు.

అక్కడే సన్నని గాజు గొట్టం అక్కరకు వస్తుంది. మెట్ల మధ్య ఏదైనా దూరితే నిచ్చెన పొడవు పెరుగుతుంది, ద్రావణం చిక్కబడి గొట్టంలో నెమ్మదిగా జారుతుంది. లెనార్డ్ లెర్మన్ 1961లో అక్రిడిన్ రంగులపై చేసిన పరిశోధనలో ఈ మార్పును ఆధారంగా చూపారు. కావలసిన పరికరాలు గొట్టం, గడియారం, ఉష్ణోగ్రత మారని నీటి తొట్టి. ఇంత చవకైన సాక్ష్యం విజ్ఞానశాస్త్రంలో అరుదు.

రుథేనియం లోహంతో మూడు ఫినాంత్రోలిన్ అణువులు కలిసిన సమ్మేళనానికి కుడి, ఎడమ చేతుల వంటి రెండు రూపాలున్నాయి. వాటిలో ఒకటి మెట్ల మధ్య దూరుతుందని 1980లలో జాక్వెలిన్ బార్టన్ బృందం ప్రతిపాదించింది. ఎస్. సత్యనారాయణ, డాబ్రోవియాక్, చెయిర్స్ 1992లో 'బయోకెమిస్ట్రీ' పత్రికలో ప్రకటించిన ఫలితాలు దానిని తోసిపుచ్చాయి. ఒక రూపంతో ద్రావణం చిక్కదనం మారలేదు. రెండవదానితో పెరగకపోగా తగ్గింది. రెండూ లెర్మన్ చెప్పిన రీతిలో దూరడం లేదని తేలింది.

తరువాతి కాలంలో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగంలోనూ రుథేనియం సమ్మేళనాలు డి.ఎన్.ఎ.తో కలిసే తీరుపై పలు పరిశోధనలు సాగాయి. వాటిలో కాంతి కొలతల పక్కనే ఈ చిక్కదనం కొలత కూడా చోటు చేసుకుంది.