ఇరియొమొతె దీవిలో ఒక సెలవు దినం

కొండ, అడవి, నది, సముద్రం - ఈ నాలుగింటినీ ఒక్క పగటిలో చూడదగిన స్థలాలు అరుదు. జపాను దేశపు దక్షిణపు కొసన, తైవానుకు తూర్పుగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇరియొమొతె దీవి అటువంటి స్థలం. దీని వైశాల్యం 289 చదరపు కిలోమీటర్లు. జనాభా 2,400 ప్రాంతం. దీవిలో నూటికి తొంభై వంతులు అడవియే. ఉదయం పడవలో వచ్చి సాయంకాలం తిరిగిపోయే యాత్రికునికి ఇక్కడ ప్రకృతి శాస్త్రంలోని అనేక పాఠాలు కంటికి కనబడతాయి.

ఎడారి ఉండవలసిన చోట అడవి

భూగోళపటం చూచిన విద్యార్థికి మొదట ఒక సందేహం కలుగుతుంది. ఇరియొమొతె ఉత్తర అక్షాంశం 24 డిగ్రీలకు కొంచెం పైన, అనగా కర్కటరేఖ దాటిన వెంటనే వచ్చే ఉపోష్ణ మండలంలో ఉన్నది. ఈజిప్టులోని అస్వాన్ పట్టణం కూడ దాదాపు ఇదే అక్షాంశం మీద ఉన్నది. అస్వాన్‌లో వాన అన్నది చాల అరుదు. ఇరియొమొతెలో సంవత్సరానికి 2,000 మిల్లీమీటర్లకు మించి వర్షం కురుస్తుంది. ఈ తేడా ఎందువల్ల?

భూమధ్యరేఖ వద్ద వేడెక్కి పైకి లేచిన గాలి తన తేమను అక్కడే కురిసి, ఉత్తర దక్షిణాలుగా ప్రయాణం చేసి, ఈ అక్షాంశాల ప్రాంతంలో క్రిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది. మేఘాలు కట్టవు. సహారా, అరేబియా ఎడారులకు ముఖ్యకారణం ఇదే. కాని ఆసియాఖండపు తూర్పు తీరంలో దీనికి అడ్డుపడేవి రెండున్నవి. ఒకటి, వేసవిలో సముద్రం మీదుగా తేమను మోసుకొనివచ్చే ఋతుపవనాలు, వాటి వెనుకనే వచ్చే తుఫానులు. రెండవది, కురొషియో అనే వెచ్చని సముద్ర ప్రవాహం. జపాను భాషలో ఆ మాటకు నల్లని ప్రవాహమని అర్థం. ఉష్ణమండలం నుండి వెచ్చని నీటిని ఇది ఉత్తరానికి చేరవేస్తుంది. అందువల్ల ఈ దీవిలో చలికాలం కూడ మృదువుగా ఉంటుంది. పగడపు దిబ్బలు, మడ అడవులు ఇంత ఉత్తరాన పెరగడానికి ఈ ప్రవాహమే ఆధారం.

ఉదయం: పగడాల మీదుగా

యాత్రికులు ఇషిగాకి దీవి నుండి పడవలో బయలుదేరి ముప్పావుగంటలో ఇరియొమొతె చేరుతారు. ఈ రెండు దీవుల నడుమ ఉన్న లోతులేని సముద్రమంతా పగడపు దిబ్బలే. పగడం ఒక చిన్న జంతువు. దాని శరీరంలో కంటికి కనిపించని శైవలాలు నివసించి, సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి, అందులో పెద్ద భాగాన్ని ఆ జంతువుకే ఇస్తాయి. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు ఈ చెలిమి చెడుతుంది. శైవలాలు వెళ్ళిపోతాయి, పగడం తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే మళ్ళీ కోలుకుంటుంది, తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 2016వ సంవత్సరపు వేసవిలో ఇక్కడ ఇదే జరిగింది. ఆ సంవత్సరాంతంలో జపాను పర్యావరణ శాఖ జరిపిన పరిశీలనలో ఈ ప్రాంతపు పగడాలలో సుమారు 70 శాతం చనిపోయినట్లు తేలింది. వెచ్చని నీరు లేనిదే బ్రతకని పగడానికి, మరికొంచెం వెచ్చదనమే మృత్యువైనది.

మధ్యాహ్నం: ఉప్పునీటి అడవి

రేవు ప్రక్కనే నకమా అనే చిన్న నది సముద్రంలో కలుస్తుంది. ఆ నది వెంబడి ఉన్న మడ అడవి జపానులోకెల్లా పెద్దది. మడ అడవి చెట్లకు రెండు చిక్కులున్నవి. నీటిలో ఉప్పున్నది, బురదలో గాలి లేదు. ఒక్కొక్క చెట్టు ఈ చిక్కులను ఒక్కొక్క విధంగా విడదీసుకొన్నది. ఉప్పుపొన్న జాతి చెట్టు కాండం నుండి మర్రి ఊడల వంటి ఊతవేళ్ళను దింపి, బురదకు పైన నిలబడుతుంది. వేళ్ళ మీది సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది. మడ చెట్టు తన శ్వాసవేళ్ళను పెన్సిళ్ళవలె బురదలో నుండి నిటారుగా పైకి పంపుతుంది. ఒంటబట్టిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి తోసివేస్తుంది. ఎండలో ఆ ఆకు మీద తెల్లని పొడి కనబడితే, అది ఆ ఉప్పే.

ఉప్పుపొన్న గింజ నేలరాలక ముందే, చెట్టుమీద ఉండగానే మొలకెత్తుతుంది. జానెడు పొడవున్న మొలక పాటు సమయంలో రాలితే బురదలో దిగబడుతుంది. పోటు సమయంలో రాలితే తేలిపోయి మరొక తీరం చేరుతుంది.

నదికి ఎగువన, ఉప్పు తగ్గినచోట, సుమారు 400 సంవత్సరాల వయస్సుగలదని అంచనా వేసిన ఒక మహావృక్షం ఉన్నది. దాని మొదట పలకవేళ్ళు గోడలవలె నిలబడి ఉంటాయి. మెత్తని పలుచని నేలలో చెట్టు పడిపోకుండ ఇవి కాపాడుతాయి. పూర్వం ఈ జాతి చెట్టు పలకవేళ్ళను నరికి దీవివాసులు పడవలకు చుక్కానులు చేసుకొనేవారు.

సాయంకాలం: నక్షత్రాల ఇసుక

దీవి ఉత్తరపు కొసన ఒక తీరమున్నది. అక్కడి ఇసుకను అరచేతిలో వేసుకొని చూస్తే చిన్న చిన్న నక్షత్రాలు కనబడతాయి. ఇవి రాతి రేణువులు కావు. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు. బ్రతికి ఉన్నప్పుడు ఇవి దిబ్బమీది నాచును పట్టుకొని ఉంటాయి. పగడంవలెనే ఇవి కూడ శైవలాలను తమలో ఉంచుకొని సూర్యరశ్మితో జీవిస్తాయి. చనిపోయిన తరువాత సున్నపు గుల్లలను అలలు ఒడ్డుకు చేరుస్తాయి. అనగా ఇక్కడి ఇసుకను తయారుచేసినవి ప్రాణులే. ఆ ప్రాణులు తగ్గితే తీరానికి ఇసుక కూడ తగ్గుతుంది.

కనబడని పిల్లి

ఈ దీవిలో మాత్రమే నివసించే ఒక అడవిపిల్లి ఉన్నది. 1965లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. 1967లో దీనిని పూర్తిగా కొత్త ప్రజాతిగా వర్ణించారు. ఆసియాలో విస్తారంగా ఉన్న, చిరుత మచ్చల చిన్న అడవిపిల్లికి ఇది ఉపజాతి అని తరువాతి పరిశోధనలలో తెలిసింది. ఇంత చిన్న దీవిలో అడవిపిల్లి నిలిచి ఉండడమే వింత. ఎలుకలకోసమే కాచుకోక కప్పలు, తొండలు, నీటిపక్షులు, కీచురాళ్ళు, రొయ్యలు - దొరికినదెల్ల తినడం నేర్చుకొన్నందున అది బ్రతికింది.

ఇప్పుడున్నవి సుమారు 100 మాత్రమే. ఈ పిల్లికి ఇష్టమైనవి కొండ శిఖరాలు కావు, నీరు, ఆహారం పుష్కలంగా ఉన్న తీరపు పల్లపు నేలలు. దీవిలోని రోడ్డు కూడ తూర్పు, ఉత్తర తీరాల పల్లపు నేలల మీదుగానే పోతుంది. వేకువన, మునిమాపున తిరిగే ఈ పిల్లులు కారుల క్రింద పడి చనిపోతున్నవి. 100 ఉన్నచోట ఒక్కటి పోయినా నూటికి ఒకటి పోయినట్లే. అందుచేత రోడ్డు క్రింద చిన్న సొరంగాలు కట్టారు. మెల్లగా పోవలసినదని హెచ్చరించే పలకలు నిలిపారు. 2021లో ఈ దీవిని ప్రపంచ సహజ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినప్పుడు, వచ్చే యాత్రికుల సంఖ్యకు హద్దు పెట్టవలసినదని యునెస్కో సంఘం జపానును కోరింది.

పగటి యాత్రికునికి ఈ పిల్లి దాదాపు ఎప్పుడూ కనబడదు. చీకటి పడకముందే అతడు చివరి పడవలో తిరిగిపోతాడు. అది అతనికి లోటు కాదు. ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉండడమే పిల్లికి మేలు.

ఈ పాఠాలలో కొన్నింటికి అంత దూరం పోనక్కరలేదు. కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యంలో చెక్కబాట మీద నడిచే విద్యార్థి ఊతవేళ్ళను, శ్వాసవేళ్ళను, చెట్టుమీదనే మొలకెత్తిన గింజలను చూడవచ్చును. మడ ఆకు మీద ఉప్పు కోసం వెదకవచ్చును. అక్కడ చేపలు పట్టి తినే బావురుపిల్లి ఇరియొమొతె పిల్లి ప్రజాతికి చెందినదే. అది కూడ రాత్రివేళ తిరిగే జంతువే. ఉదయాన బురదలో దాని అడుగుజాడ కనబడితే, ఆ సెలవు దినం సార్థకమైనట్లే.