లూజులో ఎన్ని ‘ఓ’లు?

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో తెలుగువాళ్లకు ఇంగ్లిషు కొత్త కాదు. గంటసేపు మీటింగులో తడుముకోకుండా మాట్లాడినవాళ్లే, ఆ తర్వాత పంపే మెయిల్లో ‘ఈ క్లయింటును లూజ్ అవుతాం’ అన్నచోట ఒక ‘ఓ’ ఎక్కువ రాసేస్తారు. పోగొట్టుకోవడానికి ఒకటే ‘ఓ’, వదులుకు రెండు. వదులు అనే అర్థంలో ఇంగ్లిషువాళ్లు పలికేది ‘లూస్’. మనమేమో చొక్కా లూజయిందంటాం, లూజు మాటలంటాం. రెండూ మన నోట ఒకటైపోయాక చేతికి తేడా ఎలా తెలుస్తుంది?

తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి చెవిని నమ్మడం మనకు అలవాటు. ఇంగ్లిషులో ఆ నమ్మకం పనికిరాదు. పార్సిప్పనీ-ట్రాయ్ హిల్స్ టౌన్‌షిప్‌కు మేయరుతో పాటు అయిదుగురు సభ్యుల కౌన్సిల్ ఉంది. దాని స్పెల్లింగు చివర సి-ఐ-ఎల్. కోర్టులో మన తరఫున వాదించే లాయరూ ‘కౌన్సెలే’, కానీ అక్కడ ఎస్-ఇ-ఎల్. వినడానికి రెండూ ఒక్కటే.

కొన్నిచోట్ల తెలుగే దారి చూపిస్తుంది. ఇంటి లోను కాగితంలో వడ్డీ పక్కన కనిపించే ప్రిన్సిపల్ అంటే అసలు. బడికి అసలు పెద్ద కూడా ప్రిన్సిపలే. ఈ రెంటికీ చివర పి-ఎ-ఎల్. నియమం, సూత్రం అన్న అర్థంలో వాడేది వేరే మాట, దాని చివర ఎల్-ఇ. ‘రూల్’ చివరా అవే రెండక్షరాలు. ఇంతకంటే సులువైన గుర్తు నాకు తెలియదు.

లైసెన్సుది మరో తంటా. నామవాచకమైతే ‘సి’, క్రియ అయితే ‘ఎస్’ అని ఇండియాలో బ్రిటిష్ పద్ధతి నేర్చుకున్నాం. అమెరికాలో రెంటికీ ‘ఎస్సే’. న్యూజెర్సీ మోటార్ వెహికల్ కమిషన్ ఇచ్చే కార్డు మీదా అంతే. అలాగని సలహా విషయంలో ఆ సూత్రం వదిలేయకూడదు: సలహాకు ఇక్కడా ‘సి’, సలహా ఇవ్వడానికి ‘ఎస్’.

స్పెల్లింగు తప్పయితే కంప్యూటర్ ఎర్రగీత గీస్తుంది. మాటే తప్పయితే చాలాసార్లు ఊరుకుంటుంది. అన్నిటికన్నా ప్రమాదం మనకు అనుమానమే రాని మాటలతో. పెళ్లి ప్రకటనల్లో ‘హోమ్లీ’ అంటే ఇంటిపట్టున ఉండే అణకువైన పిల్ల అని మన ఉద్దేశం. అమెరికన్ ఇంగ్లిషులో దానికి అర్థం అందం లేని మనిషి అని. సంబంధాలు చూస్తున్న పెద్దలు బయోడేటా పంపేముందు ఆ మాట కొట్టేయండి. పిల్ల చదివితే గొడవ ఖాయం.